ఇంజను పట్టేసేదాకా

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఈమధ్య కుర్రాళ్ల ఫోన్లలో ఒక రకం వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఓ పాత కారు తెస్తారు, ఇంజన్లో ఆయిలు, రేడియేటర్లో నీళ్లు మొత్తం దించేస్తారు, యాక్సిలరేటర్ మీద ఇటుక పెట్టి స్టార్ట్ చేసేస్తారు. ఇక అది ఎన్ని నిమిషాలు నిలబడుతుందా అని చుట్టూ చేరి కేకలు, కొన్నిచోట్ల పందేలు కూడా. పందెమంటే మన గోదావరి జిల్లాల వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈ పందెం నాకు నచ్చదండీ, తిరిగే ఇంజన్ని కావాలని చంపడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ చప్పుళ్లు మాత్రం శ్రద్ధగా వింటాను.

ప్రభుత్వమే చెప్పి ఇంజన్లను చంపించిన సందర్భం ఒకటుంది. 2009లో అమెరికాలో కార్ల అమ్మకాలు పడిపోతే, పెట్రోలు ఎక్కువ తాగే పాత బండి ఇచ్చి కొత్తది కొన్నవాళ్లకి 3,500 లేదా 4,500 డాలర్లు ఇస్తామన్నారు. ఆ జులై, ఆగస్టుల్లోనే 6 లక్షల 70 వేలకు పైగా బండ్లు వచ్చిపడ్డాయి. మరి ఆ పాత ఇంజన్లు మళ్లీ రోడ్డెక్కకూడదు కదా, అందుకని షోరూమ్ వాళ్లకో పద్ధతి చెప్పారు. ఆయిలు దించెయ్యాలి, దాని బదులు సుమారు రెండు లీటర్ల సోడియం సిలికేట్ ద్రావణం పొయ్యాలి, నిమిషానికి 2,000 చుట్ల వేగంతో ఆగిపోయేదాకా నడపాలి. వేడికి అందులో నీరు ఆవిరైపోయి, గాజులాంటి గట్టి పదార్థం బేరింగుల్లో మిగులుతుంది. కొంతమంది మెకానిక్కులు సరదాకి అది వీడియోలు తీసి పెట్టారు. వినండి, మొదట మామూలు చప్పుడే, ఏమీ తేడా ఉండదు. కాసేపటికి లోపల టక టక మొదలవుతుంది, వెనక పొగ, వేగం పడుతుంది, లేస్తుంది, మళ్లీ పడుతుంది, ఒక్క కుదుపు. అంతే, పట్టేసింది.

ఆ మొదటి మామూలు చప్పుడు ఉంది చూశారూ, నా భయమంతా దాంతోనే. క్రాంక్‌కీ, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసుకీ, అది కూర్చునే బేరింగుకీ మధ్య ఆయిలు పొర, బరువు పడే చోట వెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు, ఆ పొర మీదే క్రాంక్ తేలుతూ తిరుగుతుంది. అది తెగాక లోహం లోహాన్ని రాసుకుంటుంది, వేడెక్కుతుంది, బేరింగు కరిగి అతుక్కుపోతుంది. చెవికి టక టక వినపడేసరికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. ఇంజను దింపాల్సిందే.

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద ఉన్నవాళ్లు ఇది మరీ గట్టిగా పట్టించుకోవాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకే కరెంటు పోతుంది, జనరేటరే దిక్కు. అది పట్టేసిందంటే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి, రొయ్య పైకి తేలుతుంది, అప్పుడు మేస్త్రిని లేపినా లాభం లేదు.

కాబట్టి ఒక్కటే అడుగుతున్నానండీ, ఇంజన్లో ఆయిలు ఎంతుందో చూపే ఆయిలు పుల్ల తియ్యండి. బండి చదునైన చోట పెట్టి, ఇంజను ఆపి, కాసేపు ఆగి, పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ దింపి తియ్యండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. జనరేటరైతే సాయంత్రమే చూసి పెట్టుకోండి, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని వెతుక్కోకండి. కారు నడుస్తుండగా ఆయిలు డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే ఊరు దగ్గరే కదా అని లాగొద్దు, పక్కకి తీసి వెంటనే తాళం తిప్పి ఇంజను ఆపెయ్యండి. ఆయిలు పోశాక ఆ లైటు ఆరితేనే కదలండి. ఆరకపోతే ఇంజను ఆపేసి, తాడు కట్టించి లాక్కెళ్లండి.