రిజిస్టరులో సంతకం

వేదికను అలంకరించిన పెద్దలకు, ఎదురుగా ఉన్న ఉద్యోగ సోదర సోదరీమణులకు, గోడ వారన నిలబడిన కాంట్రాక్టు కార్మిక మిత్రులకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కనుక నిలబడినవారు దయచేసి వచ్చి కూర్చోవాలని కోరుతున్నాను. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా వారికే.

1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. ఏటా ఈ రోజున మనం జెండా ఎగురవేసి, ప్రతిజ్ఞ చేసి, చొక్కాకు బ్యాడ్జి తగిలించుకుంటున్నాం. ‘ఉద్యోగులకు భద్రతా శిక్షణ ఆవశ్యకత’ అన్న అంశంపై మాట్లాడమని నిర్వాహకులు కోరగా, అగ్నిమాపక పరికరాల నుంచి శిరస్త్రాణాల వరకు అన్నిటినీ స్పృశిస్తూ ఒక ప్రసంగం రాసుకుని వచ్చాను. అయితే లోనికి వస్తుండగా, సభ మొదలు కాకముందే గుమ్మం దగ్గర మీ అందరిచేత శిక్షణ రిజిస్టరులో సంతకాలు చేయించడం చూశాను. ఆ దృశ్యం చూశాక, రాసుకున్న కాగితాలను పక్కన పెట్టి మాట్లాడుతున్నాను.

చాలా ఏళ్ల క్రితం ఒక మందుల కర్మాగారంలో నేను భద్రతాధికారిగా పనిచేశాను. ఒక రోజు 42 మందికి 35 నిమిషాల్లో శిక్షణ ముగించాను. తెర మీద చూపించినవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. వింటున్నవారిలో సగం మంది శ్రీకాకుళం పల్లెల నుంచి, మిగిలినవారిలో ఎక్కువ మంది ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవారు. చివరి 5 నిమిషాలు రిజిస్టరుకే సరిపోయాయి. సంతకం చేసిన ఒక కుర్రవాడు కలం నా చేతికిస్తూ, “నైట్రోజన్ మనం పీల్చే గాలిలోనే ఉంటుంది కదండీ, మరి దానికి భయపడటం ఎందుకండీ?” అని అడిగాడు. ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క మంచి ప్రశ్న అది. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ అయింది కనుక, వచ్చే తరగతిలో చెబుతానని పంపించివేశాను.

వచ్చే తరగతి జరగకముందే ఒక రియాక్టరును, అంటే రసాయనాలు కలిపే పెద్ద మూత పాత్రను, శుభ్రం చేసే పని వచ్చింది. నైట్రోజన్ లైను వాల్వును మూశారు గాని, లైనును విడదీసి, దాని నోరు పూర్తిగా మూసే బ్లైండ్ ప్లేటు వేయలేదు. మూసిన వాల్వు గుండా కూడా వాయువు లోపలికి కారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. లోపల పడిపోయిన స్పానరు కోసం ఒక హెల్పరు మ్యాన్‌హోల్‌లోకి దిగి అక్కడే కూలిపోయాడు. అతన్ని లేపడానికి ఆ కుర్రవాడు దిగాడు. ఇద్దరూ బతకలేదు. విచారణకు వచ్చిన అధికారులు శిక్షణ ఇచ్చారా అని అడిగినప్పుడు, రిజిస్టరు తీసుకువెళ్లి ఆ సంతకం చూపించినవాణ్ణి నేనే. దానితో నా మీద ఏ మాటా రాలేదు.

అతనికి ఇవ్వని జవాబు మీకు ఇస్తాను, దయచేసి వినండి. గాలిలో సుమారు 78 శాతం నైట్రోజన్, 20.9 శాతం ఆక్సిజన్ ఉంటాయి. నైట్రోజన్ విషం కాదు. మూసిన పాత్రలో అది నిండితే ఆక్సిజన్‌కు చోటుండదు, ప్రమాదం అక్కడే ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అంతకంటే ముఖ్యమైనది, ఊపిరాడటం లేదన్న బాధ మనకు ప్రధానంగా కలిగేది ఒంట్లో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పేరుకుపోయినప్పుడే గాని ఆక్సిజన్ తగ్గినందువల్ల కాదు. నైట్రోజన్ నిండిన రియాక్టరులో కూడా మనిషి శ్వాస విడుస్తూనే ఉంటాడు, ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది కనుక ఉక్కిరిబిక్కిరి కాడు, అరవడు, పైకి ఎక్కాలన్న తొందర కూడా పుట్టదు. ఆక్సిజన్ లేని గాలిని ఒకటి రెండుసార్లు నిండుగా పీల్చితే కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. వ్యర్థజలాల ట్యాంకుల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు మరొక విధంగా మోసగిస్తుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఆ వాయువు, మోతాదు పెరిగితే వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కనుక వాయువు పోయిందని దిగినవారు ఎందరో ఉన్నారు.

రెండవవాడు దిగడం గురించి మరొక్క మాట చెప్పాలి. 2015 నవంబరులో కోళికోడ్‌లో మురుగు మ్యాన్‌హోల్‌లో చిక్కుకున్న ఇద్దరు ఆంధ్ర కార్మికులను కాపాడబోయి, నౌషాద్ అనే ఆటో డ్రైవరు వారితో పాటే ప్రాణాలు విడిచాడు. ముక్కూ మొహం తెలియనివారి కోసం దిగిన ఆ మనిషికి మనం చేతులెత్తి మొక్కాలి. అయితే అమెరికాలోని జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ 1986లో ప్రచురించిన హెచ్చరిక ప్రకారం, ఇరుకు స్థలాల మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడటానికి దిగినవారివే. తోటివాడు కళ్లముందు పడిపోతే ఆగడం మన స్వభావంలో లేదు. అందుకే ఆగడాన్ని నేర్పాలి, మళ్లీ మళ్లీ అభ్యాసం చేయించాలి. తాడు ముందే నడుముకు కట్టి ఉంటే బయట నిలబడే పైకి లాగవచ్చు.

ఇది కొత్త సంగతి కాదు. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షనులోనే ఉండేది. అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి ప్రమాదం లేదని రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదా దిగేవారికి శ్వాస పరికరమూ, నడుముకు బెల్టూ, రెండవ కొస బయటి మనిషి చేతిలో ఉన్న తాడూ ఉండాలి అని అది చెప్పింది. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియల్లో పనిచేసే కార్మికుడు ముప్పు ముంచుకొస్తోందని భయపడితే యాజమాన్యానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కును ఇచ్చింది. ఆ హక్కు ఉందని ఈ హాలులో ఎందరికి చెప్పారో చేతులెత్తి చూపండి.

యాజమాన్యం వారికి వినయంగా మనవి చేస్తున్నాను. శిక్షణను ఈ హాలులో కాక మ్యాన్‌హోల్ దగ్గర ఇవ్వండి, కార్మికుడి భాషలో ఇవ్వండి, నేటి ఉదయమే గేటు దాటిన కాంట్రాక్టు మనిషికి పనిముట్టు చేతికిచ్చేలోపే ఇవ్వండి. చివర్లో సంతకం అడగవద్దు. విన్నది తిరిగి చెప్పమని అడగండి, చెప్పలేకపోతే ఆ పూట అతన్ని లోపలికి పంపవద్దు. నా ఈ మాటలను కూడా శిక్షణగా రిజిస్టరులో లెక్క వేయవద్దని కోరుతున్నాను.

ఈ బల్ల మీద ఆక్సిజన్ మీటరు ఒకటి, ఒంటికి తొడుక్కుని తాడు తగిలించుకునే పట్టీల హార్నెస్ ఒకటి ఉన్నాయి. 19.5 శాతానికి తగ్గితే మీటరు మోగుతుంది. గోడ దగ్గరున్నవారు ముందుగా వచ్చి ఒక్కొక్కరూ దాన్ని చేతిలో పట్టుకుని చూడాలి, హార్నెస్ తొడుక్కుని చూడాలి. ఒడియా బాగా వచ్చినవారు ఎవరైనా ఒకరు వచ్చి నా పక్కన నిలబడండి.