వేలాండ్ మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్: తాళం గట్టిదే, విసుగూ గట్టిదే

నమస్కారం. ఈ ల్యాప్‌టాప్‌ను తయారీ సంస్థ రివ్యూ కోసం ఉచితంగా పంపింది, ఏం చెప్పాలన్న షరతు మాత్రం పెట్టలేదు. ప్రాసెసర్, ర్యామ్ వివరాలు మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను. రెండు వారాలుగా నన్ను సతాయించింది ఇందులోని డెస్క్‌టాప్. ఇది లినక్స్‌లో వాడే ప్లాస్మా 6 డెస్క్‌టాప్, అందులోనూ వేలాండ్ సెషన్ ఒక్కటే ఉంది. విండోలను తెరపై చూపించి, కీబోర్డు, మౌస్ సంకేతాలను వాటికి చేర్చే కొత్త పద్ధతే వేలాండ్.

అదే పని చేసే పాత పద్ధతి, 1987లో వచ్చిన ఎక్స్11. అందులో ఏ ప్రోగ్రామైనా మిగతా విండోల బొమ్మ తీసుకోగలదు, మీరు వేరేచోట కొట్టే అక్షరాలను చదవగలదు, మీ బదులు తానే కీలు నొక్కగలదు. నమ్మకం లేకపోతే ఎక్స్11 సెషన్‌లో ‘ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్’ ఆదేశాన్ని మీ కీబోర్డు ఐడీతో నడిపి, పక్కనున్న బ్రౌజర్‌లో ఏదైనా టైప్ చేయండి. రూట్ (యంత్రంపై పూర్తి అధికారమున్న ఖాతా) అనుమతి అడగకుండానే కీ కోడ్‌లు వరుసగా వచ్చి పడతాయి. 2008లో మొదలైన వేలాండ్ ఆ దారిని మూసేసింది. అందుకు దానికి నమస్కారం పెట్టవలసిందే.

అయితే అదే దారిన నా పని కూడా నడిచేది. కీలు నొక్కడం, విండోలు జరపడం మన బదులు చేసిపెట్టే ఎక్స్‌డూటూల్‌తో రాసుకున్న నా పాత స్క్రిప్టు ఒక్క కీ నొక్కితే మూడు విండోలను వాటి వాటి చోట్లకు చేర్చి, రికార్డింగ్ మొదలుపెట్టేది. వేలాండ్‌లో మామూలు అప్లికేషన్‌కు తన విండో తెరపై ఎక్కడుందో కూడా తెలియదు కనుక ఆ స్క్రిప్టు మూగబోయింది. రికార్డింగ్‌కు పోర్టల్ (అప్లికేషన్ల తరఫున మన అనుమతి అడిగే మధ్యవర్తి) డైలాగ్ వచ్చి ఏ తెర చూపాలని అడుగుతుంది. ఒకసారి ఇచ్చిన అనుమతిని గుర్తుంచుకునే టోకెన్ సదుపాయం పోర్టల్‌లో ఉన్నా, నేను వాడే రికార్డర్ దాన్ని పట్టించుకోదు, కాబట్టి రోజుకు పదిసార్లు అదే ప్రశ్న, అదే జవాబు.

విసిగిపోయి, వేలాండ్‌లోనూ కీలు నొక్కగల వైడూటూల్ అనే సాధనం పెట్టాను. అది కంపోజిటర్‌ను (వేలాండ్‌లో విండోలన్నిటినీ నడిపే ప్రోగ్రామ్) దాటి, లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో ఉత్తుత్తి కీబోర్డును సృష్టించే యూఇన్‌పుట్ ద్వారా కీలు నొక్కుతుంది. దాన్ని రూట్ లేకుండా నడపడానికి నా ఖాతాకు యూఇన్‌పుట్ అనుమతి ఇచ్చిన మరుక్షణం, నా ఖాతాలో నడిచే ప్రతి ప్రోగ్రామూ నా పేరిట కీలు నొక్కగల స్థితి వచ్చింది. భద్రత కోసం బిగించిన తాళం చివరకు నా చేతనే వెనక గోడకు కన్నం పెట్టించిందన్నమాట. నా కోపమంతా ఇక్కడే: అడ్డుకోవడం ముందే వచ్చింది, అడిగి చేసుకునే మార్గాలు మాత్రం ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వచ్చాయి.

బ్యాటరీ, స్పీకర్లు బాగానే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను వెనక్కి పంపేస్తున్నాను. నా సొంత యంత్రాన్ని మాత్రం, ఇంత తిట్టుకున్న తర్వాత కూడా, నిన్ననే వేలాండ్‌కు మార్చాను; అక్కడ యూఇన్‌పుట్ అనుమతి ఇవ్వకుండా, విండోలు సర్దే పనిని ప్లాస్మా కంపోజిటర్ అయిన కేవిన్‌లోనే నడిచే స్క్రిప్టుగా తిరగరాస్తున్నాను.