స్పిన్నర్‌బెయిట్‌కు ఏ రాడ్, ఏ రీల్? మన చెరువుల లెక్కలో రివ్యూ

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ. ఇవాళ టేబుల్ మీద మూడు రాడ్లు, రెండు రీళ్లు, గుప్పెడు స్పిన్నర్‌బెయిట్లు, అంటే తిరిగే రేకున్న లూర్లు (నకిలీ ఎరలు), పెట్టుకుని కూర్చున్నాను. కంపెనీ పేర్ల మీద టేప్ అంటించాను, కావాలనే. పేరు కనబడితే గొడవంతా ఆ పేరు మీదే నడుస్తుంది, రాడ్ ఎట్లా వంగుతుందో ఎవరూ పట్టించుకోరు. పైగా మోడళ్లు మారిపోతూనే ఉంటాయి. రాడ్ మీద, రీల్ డబ్బా మీద రాసి ఉన్న నంబర్లు చదవడం వస్తే హన్మకొండలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా మీకు మీరే తేల్చుకోవచ్చు.

నా మాట ముందే చెప్పేస్తా. స్పిన్నర్‌బెయిట్ కోసం మరీ బిర్రుగా ఉండే రాడ్, మరీ స్పీడ్ రీల్ కొనకండి. షాపులో ఎక్కువగా చేతిలో పెట్టేది ఆ రెండే, "పెద్ద చేప పడ్డా ఏం కాదన్నా" అంటూ.

ఈ లూర్‌కు పేరొచ్చింది అమెరికాలో, లార్జ్‌మౌత్ బాస్ అనే చేప వేటలో. మనం చూసే వీడియోలన్నీ వాళ్లవే, పడవ మీద నిలబడి విసిరేవి. ఆ బాస్ ధర్మసాగర్ చెరువులో లేదు, లోయర్ మానేరులో లేదు. మన దగ్గర దాని ఉద్యోగం చేసేది కొర్రమట్ట, 2016లో మన తెలంగాణ రాష్ట్ర చేప అయింది కదా, అదే. గడ్డి అంచున, మునిగిన తుమ్మ కంప పక్కన కదలకుండా ఉండి, ఎదురుగా ఏదన్నా పోతే ఒక్కసారి మీద పడుతుంది. అందుకే బాస్ వాళ్ల సలహా మనకు చాలావరకు పనికొస్తుంది. కానీ కొర్రమట్ట నోరు గట్టి ఎముక, లోపల పళ్లు. మనమేమో కట్ట మీద నిలబడి విసిరేవాళ్లం, పడవ లేదు. ఈ తేడాలకు సరిపోయేలా కొంచెం మార్చుకోవాలి, ఎక్కడెక్కడ అనేది వరసగా చెప్తా.

ఇదిగో స్పిన్నర్‌బెయిట్, దగ్గరగా చూడండి. వి ఆకారంలో వంచిన తీగ, కింది కొసకు సీసం తల, దానికి ఒకే ఒక గాలం, గాలం చుట్టూ రబ్బరు కుచ్చు. పై కొసన రేకు. లాగుతుంటే రేకు తిరుగుతుంది, మెరుస్తుంది, నీళ్లను కొడుతుంది. గాలం మొన పైకి ఉంటుంది, దాని ముందర తీగ అడ్డం ఉంటుంది కాబట్టి కంపకు తగిలినా చాలాసార్లు తప్పించుకుని వచ్చేస్తుంది. గుండ్రని రేకును కొలరాడో అంటారు, నీళ్లను గట్టిగా కొడుతుంది, నెమ్మదిగా లాగినా తిరుగుతుంది. సన్నగా ఆకులా ఉన్నది విల్లో లీఫ్, మెరుపు ఎక్కువ, అదురు తక్కువ, కొంచెం వేగంగా లాగాలి. వానలకు చెరువు నీళ్లు ఎర్రగా అయితే కొలరాడో, నీళ్లు తేటబడితే విల్లో. ఇండియానా అని మధ్యరకం ఒకటి ఉంది, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు.

ఈ లూర్‌కు మీరు చేసేదల్లా విసరడం, ఒకే తీరుగా చుట్టడం. రేకు తిరుగుతున్నంతసేపూ రాడ్ కొసలో సన్నగా అదురు వస్తూనే ఉంటుంది. అది ఆగిందంటే రేకుకు నాచు చుట్టుకుంది, లేదా చేప వెనక నుంచి వచ్చి నోట్లో పెట్టుకుని మీ వైపే వస్తోంది. అంటే రాడ్ కొస మీకు కబురు చెప్పాలి, చేప కొట్టినప్పుడు కాస్త వంగి ఇవ్వాలి కూడా. కొస మరీ గట్టిగా ఉంటే చేప నోరు మూయకముందే మీ చెయ్యి లూర్‌ను లాగేసుకుంటుంది. కొడుతుంది కానీ పడటం లేదన్నా అనేవాళ్లు లూర్ మార్చే ముందు ఒకసారి రాడ్ చూసుకోండి.

రాడ్ మీద రెండు మాటలు రాసి ఉంటాయి, పవర్, యాక్షన్. ఈ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. పవర్ అంటే వంచడానికి ఎంత బలం కావాలనేది, యాక్షన్ అంటే ఎక్కడ నుంచి వంగుతుందనేది. ఫాస్ట్ అని ఉంటే కొస దగ్గరే వంగి కిందంతా నిటారుగా ఉంటుంది. మోడరేట్ అయితే సగం దాకా వంగుతుంది. స్పిన్నర్‌బెయిట్‌కు మీడియం హెవీ పవర్, మోడరేట్ ఫాస్ట్ యాక్షన్ కావాలి, నడుము గట్టిగా, కొస మెత్తగా.

మొదటి రాడ్ ఆరున్నర అడుగులు, హెవీ, ఎక్స్‌ట్రా ఫాస్ట్. చేతిలో పట్టుకుంటే భలే ఉంటుంది, పట్టగానే కొనాలనిపిస్తుంది. కప్ప లూర్‌కు, ఫ్రాగ్ అంటారు కదా, ఇదే మంచిది, గుర్రపుడెక్క నడుమ నుంచి కొర్రమట్టను పెకలించుకుని రావాలి కాబట్టి. స్పిన్నర్‌బెయిట్‌కు మాత్రం వద్దు. పది గ్రాముల లూర్ కడితే కొస వంగనే వంగదు, దూరం పోదు, మోచేతి బలంతో విసరాల్సి వస్తుంది.

రెండోది ఫోల్డింగ్ రాడ్, గొట్టంలో గొట్టం దూరేది, బయట అన్నింటికన్నా తక్కువ ధరకు దొరికేది ఇదే. పిండి ఎర కట్టి రవ్వు కోసం కూర్చునేవాళ్లకు ఫర్వాలేదు. దీంతో స్పిన్నర్‌బెయిట్ లాగితే రేకు అదురు ఆ అతుకుల్లోనే పోతుంది, చేతికి రాదు. ఇంతకన్నా దీని మీద టైం పెట్టను.

మూడోది ఏడడుగులు, మీడియం హెవీ, మోడరేట్ ఫాస్ట్, రెండు ముక్కలది. హ్యాండిల్ పైన చూడండి, లూర్ 7 నుంచి 21 గ్రాములు అని రాసి ఉంది. మనం వాడేవి 10, 14 గ్రాములవి, సరిగ్గా ఆ నడుమ పడతాయి. నా ఓటు దీనికే. ఒకే ముక్క రాడ్ అయితే పట్టు బాగుంటుందంటారు, నిజమే, కాదనను, కానీ మనం పోయేది బండి మీద. ఏడడుగుల కర్ర పట్టుకుని వెనక మనిషి కూర్చుంటే హన్మకొండ చౌరస్తా దాటేలోపు ఎవరి అద్దానికో తగులుతుంది. రెండు ముక్కలది మూడున్నర అడుగులే, వీపుకు కట్టుకోవచ్చు. వెనక చెట్లున్న ఇరుకు జాగాలో ఏడడుగులు కొంచెం ఇబ్బందే, అలాంటి చెరువులకే మీరు ఎక్కువ పోతుంటే ఇదే రకంలో ఆరున్నర తీసుకోండి.

కొనేముందు షాపులోనే ఒక పని చేయండి. చెవిలో పెట్టుకునే దూది పుల్ల జేబులో వేసుకుని పోయి, రాడ్ రింగులన్నింటి లోపలా తిప్పండి. ఎక్కడన్నా దూది పోగు చిక్కుకుంటే ఆ రింగుకు పగులో గీతో ఉన్నట్టు. అది మీ దారాన్ని కోసేస్తుంది. షాపతను అదోలా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక రీల్. ఎక్కువమంది తప్పు లెక్క వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా వెళ్దాం.

డబ్బా మీద 6.3:1 అని ఉంటే, హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) 6.3 చుట్లు తిరుగుతుందని అర్థం. బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో, అంటే రాడ్ పైన కూర్చుని స్పూల్ తానే తిరిగేదాంట్లో, స్పిన్నర్‌బెయిట్‌కు బాస్ వాళ్లు చెప్పే నంబర్ ఇదే, కాస్త అటూ ఇటూ. లోతులో, అడుగుకు దగ్గరగా నెమ్మదిగా దొర్లించాలంటే 5.4 లాంటిది. ఇప్పుడు మార్కెట్‌లో 7.3, 8.1 బాగా తిరుగుతున్నాయి. అవి చెడ్డవని కాదు, ఫ్రాగ్‌కు, దారం గబగబా చుట్టుకోవాల్సిన వేటకు బాగుంటాయి. స్పిన్నర్‌బెయిట్‌ను స్పీడ్‌గా లాగితే రేకు దాన్ని పైకి ఎత్తేస్తుంది, లూర్ నీటి మీదకు తేలిపోతుంది. "నేను నెమ్మదిగా తిప్పుతాలే అన్నా" అంటారు. ఒక చేప వెంటబడటం కంటికి కనబడ్డాక నెమ్మదిగా తిప్పేవాణ్ని చూపించండి! ఇంకోటి, పెద్ద కొలరాడో రేకు నీళ్లను బాగా పట్టుకుంటుంది, గేర్ నంబర్ పెద్దదైతే ఆ బరువంతా మణికట్టు మీద పడుతుంది. పొద్దుందాక విసిరితే సాయంత్రం చెయ్యి గుంజుతుంది.

సరే, రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీల్ సంగతి? కొత్తవాళ్లు ఎక్కువగా కొనేది అదే. డబ్బా మీద 5.2:1 అని చూసి ఇది 6.3 కన్నా స్లో కదా అనుకుంటారు. కాదు. గేర్ నంబర్ ఒక్కటే చూస్తే చాలదు, స్పూల్ ఎంత లావుందో కూడా చూడాలి. బెయిట్‌కాస్టర్ స్పూల్ దారంతో నిండినప్పుడు 34 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉందనుకోండి, ఒక చుట్టుకు 10.7 సెంటీమీటర్లు, దాన్ని 6.3తో గుణిస్తే 67 సెంటీమీటర్ల చిల్లర. 2500 సైజు స్పిన్నింగ్ రీల్ స్పూల్ 46 మిల్లీమీటర్లనుకుంటే చుట్టుకు 14.4 సెంటీమీటర్లు, ఇంటూ 5.2, దాదాపు 75. అంటే 5.2 అని రాసి ఉన్నదే ఎక్కువ దారం లాగుతోంది! అందుకే గేర్ నంబర్ వదిలేసి, ఒక తిప్పుకు ఎన్ని సెంటీమీటర్లు అనేది చూడండి, చాలా డబ్బాల మీద రాసే ఉంటుంది. 65 నుంచి 75 మధ్య ఉంటే తీసుకోండి. 90 దాటితే వద్దు. స్పూల్‌లో దారం సగమే చుట్టి ఉంటే ఈ లెక్క కూడా తగ్గిపోతుంది, కాబట్టి అంచుకు కొంచెం కిందదాకా నిండుగా చుట్టించుకోండి.

బెయిట్‌కాస్టరా, స్పిన్నింగా? కంప పక్కన జానెడు సందులో వేయాలంటే బెయిట్‌కాస్టర్, బొటనవేలితో స్పూల్ ఆపి ఎక్కడ కావాలంటే అక్కడ దించవచ్చు. నేర్చుకునే రోజుల్లో బ్యాక్‌లాష్ పడుతుంది, దారమంతా సంక్రాంతి తర్వాత కరెంటు తీగ మీది మాంజాలా అవుతుంది. దానికి భయపడి మానేయకండి, 14 గ్రాముల స్పిన్నర్‌బెయిట్ బరువు ఉంటుంది కాబట్టి బెయిట్‌కాస్టర్ నేర్చుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. ఎదురుగాలి రోజున మాత్రం బ్రేక్ బిగించండి. నెలకోసారి సరదాకు పోయేవాళ్లయితే స్పిన్నింగ్ రీల్, 2500 లేదా 3000 సైజు, హాయిగా సరిపోతుంది. స్పిన్నింగ్ రీల్‌కు స్పిన్నింగ్ రాడే ఉండాలి, రింగులు పెద్దగా ఉండి కిందికి వేలాడేది. ఒకదాని రీల్ ఇంకోదానికి బిగించొద్దు.

బేరింగులు 10, 12 అని పెద్దక్షరాలతో వేస్తారు, ఆ సంఖ్య చూసి మోసపోకండి. నాసిరకం పన్నెండు కన్నా నికార్సైన నాలుగు నయం. డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే దారం వదిలే బిగింపు, దాన్ని సగం బిగించి దారాన్ని చేత్తో లాగి చూడండి. సాఫీగా రావాలి. ఆగి ఆగి, జర్కులతో వస్తే పక్కన పెట్టేయండి, కొర్రమట్ట మొదటి దూకుడుకు తెగేది అక్కడే. పేర్ల సంగతి వద్దన్నాను కానీ ఒక ముచ్చట చెప్తా, అబు గార్సియా వాళ్ల రీళ్లు వాడుతున్నాం కదా, స్వీడన్‌లో 1921లో ఆ అబు మొదలైనప్పుడు అది గడియారాల ఫ్యాక్టరీ.

దారం దగ్గర మనం బాస్ వాళ్ల మాట కొంచెం పక్కన పెట్టాలి. వాళ్లు 12 నుంచి 17 పౌండ్ల బరువు ఆపే నైలాన్ కానీ ఫ్లోరోకార్బన్ కానీ వాడతారు, కొంచెం సాగితే చేప నోట్లో లూర్ నిలుస్తుందని. మన చెరువుల్లో నాచు, తామర తూళ్లు, తుమ్మ ముళ్లు ఉంటాయి, కొర్రమట్ట నోరేమో ఎముక. సాగే దారంతో గాలం దిగదు. 30 పౌండ్ల బ్రెయిడ్, అంటే పోగులు జడలా అల్లిన దారం, వేయండి. బ్రెయిడ్ సాగదు కాబట్టి ఆ మెత్తదనం ఎక్కడో ఒకచోట ఉండాలి, అది రాడ్ కొసలోనే ఉండాలి. ఇందాకటి నుంచి మోడరేట్ ఫాస్ట్ అని పట్టుబట్టింది అందుకే. ఎక్స్‌ట్రా ఫాస్ట్ రాడ్‌కు బ్రెయిడ్ జత చేస్తే ఎక్కడా ఇచ్చేది ఉండదు.

లూర్‌కు దారం నేరుగా ముడి వేయండి, పాలోమార్ ముడి బాగుంటుంది. తీగ వంపు తెరిచి ఉన్న రకానికి స్నాప్ (దారం కొసన కట్టే చిన్న కొక్కెం) పెడితే అది జారి తీగ మీదకు పోతుంది, లూర్ అడ్డదిడ్డంగా వస్తుంది. ఒక చేప పడ్డాక తీగ వంకర పోతుంది, తీగ పై భాగం, గాలం ఒకే వరసలోకి వచ్చేలా వేళ్లతో సరిచేసుకోండి. వెనక నుంచి కొట్టి వదిలేస్తుంటే అదే గాలానికి ఇంకో చిన్న గాలం తగిలించండి, గడ్డి మరీ ఎక్కువున్న చోట మాత్రం వద్దు, దానికే చిక్కుతుంది.

డబ్బు లెక్క. మొత్తం ఒకేసారి పెట్టలేకపోతే ముందు రాడ్ మంచిది కొనండి, రీల్ మధ్యరకంతో నడిపించండి. ఈ లూర్‌కు రీల్ చేసే పని తక్కువ, అన్నీ చెప్పేది రాడే. ఇక లూర్లు, ఆన్‌లైన్‌లో పది కలిపి అమ్మే ప్యాకెట్లలో చాలావాటికి రేకు దగ్గరి స్వివెల్ (రేకును తిరగనిచ్చే కీలు) తుప్పు పట్టినట్టు తిరుగుతుంది. నోటితో ఊదితే రేకు గిర్రున తిరగాలి. తిరగనిది పది ఉన్నా దండగే, తిరిగేవి రెండు కొనుక్కోండి.

వేసే ముందు అడగండి. చాలా చెరువులు మత్స్య సహకార సంఘం చేతిలో ఉంటాయి, చేప పిల్లలు వదిలేది వాళ్లు, బతుకుదెరువు వాళ్లది. కట్ట మీద ఎవరన్నా పెద్దన్న కనిపిస్తే నమస్తే పెట్టి, ఇట్లా రబ్బరు ఎరతో ఆడుకుంటాం అన్నా అని చెప్పండి. పాకాల అభయారణ్యం, అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా రాడ్ బయటకు తీయొద్దు. వానాకాలంలో మత్తడి పక్కన, గడ్డి మధ్య కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తేలుతుంటాయి, కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. వేస్తే తప్పకుండా కొడతాయి, ఆకలికి కాదు, కోపానికి. వాటిని తీసేస్తే ఆ గుంపును మిగతా చేపలు నిమిషాల్లో తినేస్తాయి, కాబట్టి అక్కడ రాడ్ దించేసి ఇంకో వైపు నడవండి.

ఫ్రాగ్ రాడ్ గురించి చాలామంది అడుగుతున్నారు, ఆ మొదటి బిర్రు రాడ్‌తోనే వచ్చే వీడియో చేస్తాను.