అచ్చయిన లెక్కను దిద్దుకోవడం

అందరికీ నమస్కారం. హనుమకొండలో సైకాలజీ చదువుకుంటున్న మీకు ముందుగా నా తప్పే చెబుతాను.

కొన్నేళ్ల కిందట వరంగల్ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల పిల్లలతో ఆత్మగౌరవం మీద సర్వే చేశాను. పది వాక్యాల ప్రశ్నాపత్రం. ఐదు నేరుగా ఉంటాయి, ఐదు తిరగేసి, అంటే ఒప్పుకుంటే ఆత్మగౌరవం తక్కువని. ‘నేను దేనికీ పనికిరానని అనిపిస్తుంది’ అన్న చోట ఒకమ్మాయి ‘అస్సలు ఒప్పుకోను’ దగ్గర టిక్ పెట్టింది. మార్కులు 1 నుంచి 4 వరకు; ఎక్సెల్‌లో అది 1గా ఎక్కింది. మొత్తం కూడేముందు దాన్ని 4గా తిప్పాలి. తిరగేసిన నాలుగు కాలమ్‌లు తిప్పాను, ఐదోది మర్చిపోయాను. తన మీద నమ్మకం ఉన్న పిల్లకు మూడు మార్కులు కోసేశాను. ఆమెకే కాదు, ఆ వాక్యానికి అలా జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ.

పేపర్ అచ్చయ్యాక రెండేళ్లకు ఒక రీసెర్చ్ స్కాలర్ డేటా అడిగి తీసుకుంది. ‘మేడం, ఈ ఒక్క కాలమ్ మిగతావాటికి ఎదురు నడుస్తోంది’ అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి పాత కట్టలు విప్పి కాగితాలతో సరిచూస్తే ఆమె మాటే నిజం. జర్నల్‌కు రాస్తే జవాబు లేదు. నాలుగోసారి రాశాక సవరణ వేశారు. దాని లింకు మాత్రం అసలు పేపర్ పక్కన పెట్టలేదు. సవరణ ఎక్కడో, తప్పు ఎక్కడో ఉంటే చదివేవాళ్లకు తప్పే దొరుకుతుంది. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

పేరున్న పరిశోధకులకూ ఇది తప్పలేదు. 2015లో కరెంట్ బయాలజీ జర్నల్‌లో డెసెటీ అనే పరిశోధకుడి బృందం పేపర్ వచ్చింది. ఆరు దేశాల్లో 1,170 మంది పిల్లలను చూసి, మతాచారం ఉన్న ఇళ్ల పిల్లల్లో ఇచ్చే గుణం తక్కువని తేల్చారు. ప్రపంచమంతా వార్త అయింది. అజీమ్ షరీఫ్ అనే పరిశోధకుడు డేటా అడిగితే వాళ్లు ఇచ్చారు. అది ముఖ్యం, గుర్తుంచుకోండి. చూస్తే దేశాలకు పేర్ల బదులు వేసుకున్న నంబర్లను కంప్యూటర్ కొలతలుగా లెక్కగట్టింది. కాజీపేటకు 1, జనగామకు 2, ములుగుకు 3 అని వేసుకుంటే, ములుగు కాజీపేటకు మూడింతలని అనుకోవడం లాంటిది. సరిచేసి చూస్తే ఆ తేడా చాలావరకు దేశాల మధ్య తేడాయే. 2016లో షరీఫ్ బృందం ఈ సంగతి అదే జర్నల్‌లో రాసింది. పేపర్ వెనక్కి తీసుకున్నది మాత్రం 2019లో.

అడిగితే డేటా ఇచ్చేవాళ్లు తక్కువే. విఖెర్ట్స్ అనే పరిశోధకుడి బృందం 141 సైకాలజీ పేపర్ల రచయితలను అడిగితే 73 శాతం ఇవ్వలేదని 2006లో రాసింది.

డేటా లేకున్నా కొన్ని తప్పులు పట్టుకోవచ్చు. బ్రౌన్, హెదర్స్ అనే పరిశోధకులు చెప్పిన గ్రిమ్ పరీక్ష చూడండి. 20 మంది, 1 నుంచి 5 వరకు మార్కులు, సగటు 3.47 అని అచ్చయిందనుకోండి. 20తో గుణిస్తే 69.4. మార్కులన్నీ పూర్ణాంకాలైతే మొత్తంలో ఆ 0.4 ఎక్కడిది? 69 అయితే సగటు 3.45, 70 అయితే 3.50. 3.47 రానే రాదు. కాగితం, పెన్ను చాలు. స్టాట్‌చెక్ అనే ప్రోగ్రాం పేపర్‌లో రాసిన పి-విలువలను, అంటే అసలు తేడా ఏమీ లేకున్నా అలాంటి ఫలితం వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకెలను, మళ్లీ లెక్కకడుతుంది. ఎనిమిది సైకాలజీ జర్నళ్లలో 1985 నుంచి 2013 దాకా వచ్చిన పేపర్లు చూస్తే, సగానికి సగం పేపర్లలో కనీసం ఒక్క విలువైనా పొసగలేదు. ఎనిమిదింట ఒక పేపర్లో ఆ తేడా ఫలితాన్నే మార్చేసేంత పెద్దది.

ఇవన్నీ మోసాలు కావు. చాలావరకు నాలాంటి వాళ్ల మరుపులే అనుకుంటాను. ఎనుమాముల మార్కెట్లో తక్‌పట్టీలో, అంటే తూకం చీటీలో, తూకం తప్పు పడితే రైతు దిద్దించుకోకుండా గేటు దాటడు. మన సర్వేలో టిక్ పెట్టిన పిల్లలకు తమ అంకె ఏమైందో తెలియను కూడా తెలియదు. వాళ్ల తరఫున అడగాల్సింది మనమే.

మధ్యాహ్నం ల్యాబ్‌లో నా పాత ఫైల్ తెరిచి పెడతాను. దిద్దింది కాదు, తప్పున్నదే. ఆ కాలమ్ ఏదో నేను చెప్పను. మీరే వెతకండి.