గుండు విసిరిన తొమ్మిదేళ్లకి స్వర్ణం

శ్రోతలకు నమస్కారం.

గ్రీసు దేశంలో ఒలింపియా అని ఒక చోటుంది. ఒలింపిక్స్‌కి ఆ పేరొచ్చింది అక్కణ్నుంచే. అక్కడి ప్రాచీన మైదానంలోకి వెళ్లే దారి పక్కన వరసగా కొన్ని రాతి దిమ్మెలు కనిపిస్తాయి. దిమ్మెలే. వాటి మీద ఏమీ ఉండదు. ఒకప్పుడు మాత్రం ఒక్కో దిమ్మె మీద కంచుతో పోసిన జ్యూస్ దేవుడి విగ్రహం ఉండేది. ఎవరో భక్తితో పెట్టించారనుకునేరు. ఆటల్లో మోసం చేసి దొరికినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేసి, ఆ డబ్బుతో పోయించినవి అవి. మొదటి ఆరు విగ్రహాలూ క్రీస్తుపూర్వం 388 నాటివి. యూపోలస్ అనే ముష్టియోధుడు ప్రత్యర్థులకి డబ్బులిచ్చి ఓడిపొమ్మన్నాడు. దొరికాడు. ఒలింపియాలో గెలుపు డబ్బుతో రాదు, కాళ్ల వేగంతో, ఒంటి బలంతో వస్తుందని ఒక విగ్రహం మీద రాయించారట. పోటీకి వెళ్లే ప్రతివాడూ వాటిని చూసుకుంటూ లోపలికి పోవాలి.

ఇక 2004కి వద్దాం. ఏథెన్స్ ఒలింపిక్స్. షాట్‌పుట్ పోటీలని, అంటే ఇనుపగుండు విసిరే పోటీలని, ఆ ఒలింపియా మైదానంలోనే పెడదామని నిర్వాహకులకి ముచ్చటేసింది. ఆగస్టు 18న పెట్టారు. స్టేడియం హంగులేమీ లేవు. జనం చుట్టూ ఉన్న గట్ల మీద, గడ్డిలో కూర్చుని చూశారు. ఆడవాళ్లలో రష్యా క్రీడాకారిణి ఇరీనా కోర్జానెంకో గెలిచింది. మగవాళ్లలో ఉక్రెయిన్ ఆటగాడు యూరీ బిలోనోగ్ గెలిచాడు. తర్వాత ఇద్దరూ డోపింగ్‌లో, అంటే నిషేధించిన మందులు వాడి, దొరికారు. ఇద్దరి స్వర్ణాలూ పోయాయి. ఆ దిమ్మెలకి కూతవేటు దూరంలో, ఒకే రోజు, రెండుకి రెండూ!

డోపింగ్‌లో దొరికినవాళ్ల టైటిళ్లు వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది ఇవాళ్టి మన మాట. తీసుకోవాలి. ఇందులో నాకు పెద్ద సందేహం లేదు. నా బాధల్లా తీసుకున్న తర్వాత ఏం జరుగుతోందన్నదే. అది చెప్పాలంటే ఆ రోజు రెండో స్థానంలో నిలిచిన మనిషి గురించి చెప్పాలి.

ఆయన పేరు ఆడమ్ నెల్సన్, అమెరికా. ఈ ఆటలో మగవాళ్లు విసిరే గుండు ఏడుంపావు కిలోలు. నిలబడేది ఏడడుగుల వలయంలో. గుండు ఎంత దూరం వెళ్లినా సరే, విసిరిన ఊపులో కాలు వలయం దాటిందా, ఎర్రజెండా లేస్తుంది. ఆ విసురు లెక్కలోకి రాదు. ఫైనల్లో ఒక్కొక్కరికి ఆరు అవకాశాలు. నెల్సన్ మొదటి విసురే 21.16 మీటర్లు పడింది. అందరికంటే ముందున్నాడు. రెండోది ఫౌల్. మూడోది ఫౌల్. నాలుగు, ఐదు కూడా ఫౌల్. అయినా ముందున్నది ఆయనే. ఆఖరి రౌండులో బిలోనోగ్ వచ్చి విసిరాడు. కొలిచారు. 21.16. సరిగ్గా సమానం, సెంటీమీటరు తేడా లేదు. ఇద్దరూ సమానమైతే రెండో మంచి విసురు ఎవరిదో చూస్తారు. నెల్సన్‌కి రెండో విసురే లేదు, అన్నీ ఫౌళ్లాయె. మిగిలింది ఒక్క అవకాశం. వచ్చాడు, విసిరాడు. మళ్లీ ఎర్రజెండా. రజతం. నాలుగేళ్ల కిందట సిడ్నీలో కూడా ఆయనకి రజతమే.

ఇది జరిగిన మరుసటి ఏడాది ఆయన తన చొక్కా మీద ప్రకటన వేసుకునే జాగాని ఈబే అనే ఇంటర్నెట్ అంగడిలో వేలానికి పెట్టాడు. రెండు ఒలింపిక్ పతకాలున్న మనిషికి స్పాన్సర్ లేడు! అదే ఏడాది హెల్సింకీలో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు, అది వేరే సంగతి. రజతానికీ స్వర్ణానికీ మధ్య ఉన్నది కంఠానికి వేసే బిళ్ల రంగు ఒక్కటే అనుకుంటాం. వచ్చే కాంట్రాక్టులు మారతాయి, పిలిచే మీట్లు మారతాయి, బ్యాంకులో నిల్వ మారుతుంది.

ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షకని ఆటగాళ్ల దగ్గర తీసుకున్న మూత్రం, రక్తం శాంపిళ్లని పారబోయరు, భద్రంగా దాస్తారు. పరీక్షా పద్ధతులు మెరుగుపడ్డాక మళ్లీ తిరగతోడొచ్చు. అప్పట్లో దానికి ఎనిమిదేళ్ల గడువుండేది, ఇప్పుడు పదేళ్లు చేశారు. ఏథెన్స్ శాంపిళ్లని 2012లో, గడువు ముగిసేలోపు, మళ్లీ పరీక్షించారు. బిలోనోగ్ శాంపిల్లో స్టెరాయిడ్, అంటే కండబలం పెంచే మందు, జాడ దొరికింది. ఆ డిసెంబర్లో ఆయన స్వర్ణం రద్దయింది. 2013లో నెల్సన్‌ని విజేతగా ప్రకటించారు.

మరి పతకం ఎక్కడిచ్చారో తెలుసాండీ? అట్లాంటా విమానాశ్రయంలో. విమానాశ్రయంలో అంటే ఏ వీఐపీ గదిలోనో అనుకోకండి. ఫుడ్ కోర్టులో, బర్గర్ కింగ్ దగ్గర. అమెరికా ఒలింపిక్ కమిటీ అధికారి ఒకాయన అటుగా ప్రయాణం చేస్తున్నాడు, అక్కడ కలిసి చేతిలో పెట్టాడు. జెండా లేదు, గీతం లేదు, వేదిక లేదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

టైటిల్ తీసేయడాన్ని చాలామంది శిక్ష అనుకుంటారు. నేనలా అనుకోను. నిషేధం శిక్ష. రెండేళ్లు ఆడకు, నాలుగేళ్లు ఆడకు అనడం శిక్ష. టైటిల్ వెనక్కి తీసుకోవడం లెక్క సరిచేయడం. పరీక్షలో ఫస్ట్ ర్యాంకువాడు కాపీ కొట్టాడని తేలితే ఆ ర్యాంకు ఎలా ఉంచుతాం? మన జాలి ఎంతైనా ఉండనీండి, వెనకున్నవాడి ర్యాంకు అతని దగ్గరుంది కదా.

పాపం, తెలియక మింగితే ఏం చేయాలి అంటారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో రుమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రదుకాన్‌కి అదే జరిగింది. పదహారేళ్ల పిల్ల. జలుబు చేసిందని జట్టు డాక్టరే మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫెడ్రిన్ ఉంది, అప్పటికి అది నిషేధిత జాబితాలో ఉంది. ఆల్‌రౌండ్ స్వర్ణం, అంటే జిమ్నాస్టిక్స్‌లో అన్ని విభాగాలూ కలిపి ఇచ్చేది, పోయింది. తోటి రుమేనియా అమ్మాయి సిమోనా అమానార్‌కి వెళ్లింది. జట్టుగా గెలిచిన స్వర్ణం, వాల్ట్ అనే దూకుడు విభాగంలో వచ్చిన రజతం మాత్రం రదుకాన్‌కే ఉంచారు. నిజం చెప్పొద్దూ, ఈ ఒక్కచోట నా వాదన తడబడుతుంది. నిబంధన ప్రకారం చూస్తే తీర్పు సరైనదే. ఆ పిల్లని మోసగత్తె అని పిలవడానికి మాత్రం నాకు నోరు రాదు. లెక్క సరిచేయడం వేరు, మచ్చ వేయడం వేరు. మన పత్రికలు, మన మాటలు ఆ రెండింటినీ కలిపేస్తాయి.

ఇంకో చిక్కుంది. తీసుకున్నది ఎవరికివ్వాలి? అమెరికా సైకిల్ పందేల ఆటగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర్నుంచి 2012లో ఏడు టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం టైటిళ్లు లాక్కున్నారు. 1999 నుంచి 2005 దాకా ఆ వరసలో విజేత పేరే లేదు, ఖాళీ. ఆ రోజుల్లో ఆయన వెనక వచ్చినవాళ్లలో ఎంతోమంది మీద అవే మరకలు మరి. 2008 బీజింగ్‌లో 1500 మీటర్ల పరుగు గెలిచిన రషీద్ రాంజీ దొరికితే, స్వర్ణం కెన్యా కుర్రాడు అస్బెల్ కిప్రోప్‌కి ఇచ్చారు. చాలా ఏళ్ల తర్వాత ఆ కిప్రోప్ కూడా వేరే కేసులో దొరికి నాలుగేళ్ల నిషేధం తెచ్చుకున్నాడు. ఏం చేస్తాం! అలాగని ఇవ్వడం మానేస్తామా?

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది కాబట్టి ఒక్క పని గురించి చెప్పి ముగిస్తాను. పతకం లాక్కునేటప్పుడు ఎంత చప్పుడు చేస్తామో, ఇచ్చేటప్పుడు కూడా అంత చప్పుడు చేయాలి. ఇది కోట్లు ఖర్చయ్యే పనేం కాదు. కొంత మొదలైంది కూడా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పాత పతకాల బాకీ తీర్చడానికే ప్రత్యేకంగా కార్యక్రమం పెట్టారు. అమెరికా అమ్మాయి లషిండా డీమస్ 2012 లండన్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో వందో వంతులు ఏడే ఏడు, అంత తేడాతో స్వర్ణం పోగొట్టుకుంది. ముందు వచ్చిన రష్యా క్రీడాకారిణి ఫలితం డోపింగ్ వల్ల తర్వాత రద్దయింది. పన్నెండేళ్లకి, ఈఫిల్ టవర్ ఎదుట, జనం చూస్తుండగా డీమస్ మెళ్లో స్వర్ణం వేశారు.

ఇక మిగిలింది డబ్బు. ఆ పన్నెండేళ్లలో రావలసిన కాంట్రాక్టులు, బహుమతులు ఎవరిస్తారన్నదానికి పారిస్‌లో కూడా ఎవరూ జవాబు చెప్పలేదు.

సెలవు.