ఓడ మీద చెప్పుల్లేని కుర్రవాడు

శ్రోతలకు నమస్కారం.

మా కడపకు సముద్రం లేదు. పెన్నా మా జిల్లా మీదుగా పారి నెల్లూరు దాటాక సముద్రంలో కలుస్తుంది. మాకూ సముద్రానికీ ఉన్న చుట్టరికం అంతే. అయినా ఈ రోజు ఒక ఓడ సినిమా గురించి చెప్పాలని ఉంది. 2013లో పాల్ గ్రీన్‌గ్రాస్ తీసిన ‘కెప్టెన్ ఫిలిప్స్’. ఆహార సాయం కూడా మోసుకుని ఆఫ్రికా వెళుతున్న ‘మెర్స్క్ అలబామా’ అనే అమెరికా ఓడను 2009 ఏప్రిల్‌లో నలుగురు సోమాలీ దొంగలు పట్టుకున్నారు. ఆ ఉదంతమే కథ. కెప్టెన్‌గా టామ్ హాంక్స్ వేశారు.

ఈ మధ్య ఇంట్లో మళ్ళీ చూశాను. పక్కన మా చిన్నమ్మ. పదకొండేళ్ళు కువైట్‌లో ఇళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి. ఇంగ్లీషు రాదు కాబట్టి కథ నేనే చెబుతున్నాను. దొంగల్లో అందరికంటే చిన్నవాడు ఇంజన్ గదిలోకి దిగి, సిబ్బంది పరిచిన గాజు పెంకుల మీద కాలు వేస్తాడు. థియేటర్లో అయితే చప్పట్లు పడే చోటు. చిన్నమ్మ మాత్రం “అయ్యో, వాడికి చెప్పులు కూడా లేవే!” అంది.

ఆ నలుగురి వేషాలూ వేసింది అమెరికాలోని మినియాపొలిస్ సోమాలీ యువకులే. నాయకుడిగా వేసిన బర్ఖద్ అబ్ది మొగదిషులో పుట్టాడు. అంతర్యుద్ధం వల్ల కుటుంబం యెమెన్ చేరింది, అక్కడి నుంచి అమెరికా. అంతకుముందు సినిమాల్లో నటించి ఎరగడు, కారు నడిపేవాడు. దొంగలు ఓడ నడిపే గదిలోకి చొరబడే దృశ్యం తీసేదాకా దర్శకుడు వీళ్ళను హాంక్స్ కంటపడనివ్వలేదట. ఆ గదిలోని బెదురంతా నటనే అనుకోలేం. అబ్దికి బ్రిటన్ వాళ్ళ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది, ఆస్కార్‌కు నామినేషన్ దక్కింది. హాంక్స్‌కు ఆ నామినేషన్ కూడా రాలేదు!

సోమాలీ పాత్రకు సోమాలీనే పెట్టారు, వాళ్ళలో వాళ్ళను సోమాలీలోనే మాట్లాడించారు. బాగుంది. కానీ నా మెప్పు సగమే. 1991లో ప్రభుత్వం కూలాక విదేశీ ఓడలు సోమాలియా తీరంలో చేపలు ఊడ్చుకుపోయిన సంగతి ఒకటి రెండు మాటల్లో దాటిపోతుంది. కెప్టెన్ విమానాశ్రయానికి వెళుతూ భార్యతో పిల్లల చదువు గురించి బెంగపడతాడు. ఆ నలుగురి కోసం ఎదురుచూసే తల్లి గానీ, భార్య గానీ మనకు కనిపించదు.

నాకెందుకింత పట్టింపు అంటే, 1990ల చివరి నుంచి తెలుగు సినిమా మాకూ ఇదే మర్యాద చేసింది. సుమోలు, నాటుబాంబులు, తొడ కొట్టడం. ఒకసారి మద్రాసు రైల్లో నాది కడప అనగానే ఎదుటి పెద్దమనిషి “సంచిలో బాంబులేమైనా ఉన్నాయా?” అని నవ్వారు. ఉన్నవి జొన్న రొట్టెలు, చెనక్కాయల కారం. ఆయనకూ ఒకటి పెట్టాను, కారానికి నీళ్ళు తాగారు. ఫ్యాక్షన్ లేదని నేననను. దానివల్ల మనుషులను పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. అయితే ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లింలు టెంకాయలు పట్టుకుని వరుసలో నిలబడతారు. బీబీ నాంచారి తమ ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అని వారి నమ్మకం. ఏ ఫ్యాక్షన్ సినిమాలోనూ ఆ వరుస నాకు కనబడలేదు. మా యాసా అంతే. ఎక్కువగా విలన్ నోట, లేదంటే నవ్వించేవాడి నోట.

సినిమాలో చివరకు అమెరికా నౌకాదళం తూటాలకు ముగ్గురు చనిపోయారు. వారిలో ఆ చిన్నవాడూ ఉన్నాడు. అంతకుముందే, ఓడ నుంచి దొంగలు తీసుకుపోయిన చిన్న పడవలో బందీగా ఉన్న కెప్టెన్ వాడి కాలికి కట్టు కట్టాడు. చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత వాడి పేరేమిటని అడిగింది.

బిలాల్ అన్నాను.

“మన సందు చివర సైకిళ్ళ షాపు అబ్బాయి పేరూ అదే కదా” అంటూ లేచింది.