నాన్న రిపోర్టు, ఫోన్‌లో కనిపించిన అంకె

యాంకర్: హలో, నమస్కారమండీ. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?

శ్రోత: తెనాలి నుంచండీ. పేరు చెప్పను, ఏమనుకోకండి. మా నాన్నగారికి బ్లడ్ క్యాన్సర్ అన్నారు. తొమ్మిది రోజులైంది. డాక్టరు గారితో మాట్లాడాలి.

డాక్టర్: చెప్పమ్మా, వింటున్నాను.

శ్రోత: ఆసుపత్రిలో ఐదు నిమిషాలు మాట్లాడి మాత్రలు రాశారు మేడమ్. నాకేమీ బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. రోజూ రాత్రి రెండింటిదాకా అదే పని. ఒకచోట నాలుగైదేళ్ళని ఉంది. ఇంకోచోట వారాల్లోనే ముదిరిపోతుందని. మందుకు నెలకు లక్షా ఇరవై వేలట. మాది చిన్న టైలరింగ్ షాపండీ. నాన్నకు ఇంగ్లీషు రాదు. నా మొహం చూసి, "ఫోన్‌లో ఏం రాసుందమ్మా" అని అడుగుతారు. ఏమీ లేదు నాన్నా అంటున్నాను.

(కాసేపు మాట్లాడలేకపోయారు)

డాక్టర్: తొందరేం లేదమ్మా, నెమ్మదిగా చెప్పు. రిపోర్టు దగ్గరుందా?

శ్రోత: బీరువాలో చీరల కింద దాచాను. తెస్తానుండండి.

డాక్టర్: వెతికేటప్పుడు ఏమని టైప్ చేశావు?

శ్రోత: బ్లడ్ క్యాన్సర్ వస్తే ఎన్నాళ్ళు బతుకుతారు అని.

డాక్టర్: రిపోర్టు చివర ఏం రాశారో చదువు.

శ్రోత: తెల్లకణాలు 1,80,000. బ్లాస్ట్స్ 2 శాతం. బీసీఆర్-ఏబీఎల్ పాజిటివ్. క్రానిక్ మైలాయిడ్ ల్యుకీమియా, క్రానిక్ ఫేజ్.

డాక్టర్: ఇప్పుడు విను. బ్లడ్ క్యాన్సర్ అంటే చాలా జబ్బులకు కలిపి పెట్టిన పేరు. వారాల్లో ముదిరేవి అక్యూట్ రకాలు. నాన్నగారిది క్రానిక్, అంటే నెమ్మదిగా ముదిరేది. బ్లాస్ట్స్, అంటే ఎదగని కణాలు, తక్కువే ఉన్నాయి. క్రానిక్ ఫేజ్ అంటే మొదటి దశ. నువ్వు చదివిన నాలుగైదేళ్ళ లెక్క అబద్ధం కాదు, కానీ ఒకప్పటిది. ఈ జబ్బులో 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. దాంతో బీసీఆర్-ఏబీఎల్ అనే ఒక చెడ్డ ప్రొటీన్ పుట్టి తెల్లకణాలను పెంచేస్తుంది. సరిగ్గా దాన్నే అడ్డుకునే మాత్ర ఇమాటినిబ్, 2001లో వచ్చింది. అది బాగా పనిచేసినవాళ్ళు ఇప్పుడు దాదాపు మామూలు మనుషులంత కాలం బతుకుతున్నారు.

శ్రోత: మందుల చీటీ మీద అదే పేరుంది మేడమ్! 400 మిల్లీగ్రాములని.

డాక్టర్: అదేనమ్మా. ఇంకో సంగతి. జబ్బు బయటపడ్డాక ఐదేళ్ళకు ఎంతమంది బతికున్నారనే లెక్క కట్టాలంటే కనీసం ఐదేళ్ళ కిందట జబ్బు బయటపడ్డవాళ్ళనే చూడాలి. కాబట్టి ఎంత కొత్త అంకె అయినా అందులో పాతకాలం వైద్యం ఉంటుంది.

యాంకర్: ఖర్చు గురించి కూడా అడిగారు డాక్టరు గారూ.

డాక్టర్: లక్షా ఇరవై వేలన్నది మొదట తయారుచేసిన కంపెనీ బ్రాండుకు ఒకప్పుడున్న ధర. ఆ కంపెనీకి పేటెంట్, అంటే ఆ మందు తామొక్కరే తయారుచేసుకునే హక్కు, ఇవ్వడం కుదరదని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన కంపెనీల మందు అందులో పదోవంతులోపే దొరుకుతుంది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) కార్డు పట్టుకెళ్ళి ఆసుపత్రి కౌంటర్‌లో కూడా అడుగు.

శ్రోత: ఇక ఫోన్‌లో చూడనండీ.

డాక్టర్: చూడమ్మా. చూడొద్దని నేనెవరికీ చెప్పను. ఐదు నిమిషాల్లో మేము చెప్పలేనిది మీరు చదివి తెలుసుకుంటే తప్పేముంది? రిపోర్టులో ఉన్న పూర్తి పేరు, దశ పెట్టి వెతుకు. పేజీ ఎప్పుడు సవరించారో తేదీ చూడు. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు రోగుల కోసం విడిగా రాస్తారు, తేదీ కూడా వేస్తారు. వీడియో కింద ఏదో రసం ఆర్డర్ చెయ్యమని నంబరుంటే వెంటనే మూసెయ్. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడు తెల్లకణాల కౌంట్ మామూలుకొచ్చిందని మాత్రలు ఆపేసి, వీడియోలో చూసిన ఆకు రసం తాగాడు. నాలుగు నెలల తర్వాత వస్తే ప్లీహం, అంటే కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం, బొడ్డుదాకా పెరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కౌంట్ తగ్గినా జబ్బు లోపల ఉంటుందమ్మా. అందుకే మూడు నెలలకోసారి ఆ బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చేయిస్తారు. అది మానొద్దు. నాన్నగారికి ఎంతవరకు తెలుసు?

శ్రోత: రక్తం తక్కువుందని చెప్పాం.

డాక్టర్: రోజూ ఆ మాత్ర మింగాల్సింది ఆయన. ఎందుకు మింగుతున్నారో తెలియకపోతే, కాస్త ఒంట్లో బాగుండగానే మానేస్తారు.

శ్రోత: (గొంతు తగ్గించి) నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నారండీ. ఎప్పుడొచ్చారో చూసుకోలేదు. ఫోన్ ఇమ్మంటున్నారు.

తండ్రి: నమస్కారం డాక్టరమ్మా. అంతా విన్నాను. మాత్ర పరగడుపున వేసుకుంటున్నానండీ, వాంతి వచ్చినట్టుంటోంది.

డాక్టర్: అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోండి బాబాయ్ గారూ. కళ్ళ చుట్టూ ఉబ్బినా, పిక్కలు పట్టేసినా మీ అంతట మీరు ఆపొద్దు, మీ డాక్టరుకు చెప్పండి.

తండ్రి: షాపు తెరవొచ్చా అమ్మా? పెళ్ళివాళ్ళ జాకెట్లున్నాయి, పదిహేనో తారీకుకు ఇవ్వాలి.

డాక్టర్: ఓపిక ఉంటే తెరవండి. బరువులెత్తొద్దు. ప్లీహం పెరిగి ఉండొచ్చు, కడుపుకు దెబ్బ తగలకుండా చూసుకోండి.

తండ్రి: మిషనుకు మోటారు పెట్టించిందండీ మా అమ్మాయి. తొక్కే పనిలేదు.